రేసు గుర్రానికి ట్రైనర్: పెద్ద యార్డా, చిన్న యార్డా, బయటి ఊరా?

వేలంలో ఒక గుర్రప్పిల్లను కొన్నారు. లేదా నలుగురు స్నేహితులతో కలిసి ఒకదానిలో వాటా తీసుకున్నారు. రేస్ క్లబ్ నుంచి యజమానిగా అనుమతి వచ్చింది, మీ రంగులు (మీ గుర్రం జాకీ తొడుక్కునే చొక్కా రంగులు) రిజిస్టర్ అయ్యాయి. ఇక మిగిలింది గుర్రాన్ని ఎవరి యార్డులో, అంటే ఏ ట్రైనర్ నడిపే గుర్రాల శాలలో, కట్టాలన్నదే. కొనేటప్పుడు తల్లినీ తండ్రినీ, మూడు తరాల వంశాన్నీ తిరగేసినవాళ్లు కూడా ఇక్కడికి వచ్చేసరికి పోయిన సీజన్ గెలుపుల పట్టికలో పైన ఎవరి పేరుంటే వాళ్లకి ఫోన్ చేసేస్తారు.

ఆ పట్టిక అబద్ధం చెప్పదు. కానీ అది చెప్పేది ఆ యార్డులోని మంచి గుర్రాల సంగతి. మీ గుర్రం ఆ యార్డులో ఎన్నోది అవుతుందో దాన్ని చూస్తే తెలియదు. తెల్లవారుజామున ట్రాక్ మీద ట్రైనర్ కళ్లు ఏ గుర్రాన్ని వెంబడిస్తాయి? మంచి జాకీ ఖాళీగా ఉన్న రోజు అతన్ని ఏ గుర్రం ఎక్కిస్తారు? కాలు కాస్త వేడిగా తగిలితే ఆ వారం పని ఆపేసే ఓపిక దేనిమీద చూపిస్తారు? యార్డులో మొదటి పది గుర్రాలకు ఇవన్నీ అడక్కుండానే దొరుకుతాయి. యాభయ్యో గుర్రానికి దొరుకుతాయా అన్నదే అసలు ప్రశ్న. ఎవరి దగ్గరికి వెళ్లాలో తేల్చుకునే ముందు ఈ ప్రశ్నకు జవాబు వెతకాలని నా గట్టి అభిప్రాయం.

ఇక్కడ ప్రధానంగా హైదరాబాద్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఆరో నిజాం కాలంలో, 1886లో, మౌలాలీ నుంచి మలక్‌పేటకు మారిన రేసులు ఇప్పుడు కూడా అక్కడే జరుగుతున్నాయి. జులై నుంచి అక్టోబరు దాకా మాన్‌సూన్ సీజన్, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వింటర్ సీజన్. మార్చి నుంచి జూన్ మధ్య పాత గుర్రాలు సేదదీరుతాయి, కొత్తవి పని నేర్చుకుంటాయి. ట్రైనర్లతో తీరిగ్గా మాట్లాడటానికి, యార్డులు చూడటానికి ఆ నాలుగు నెలలే అనుకూలం. సీజన్ నడుస్తుండగా వెళ్తే ఎవరికీ మీతో పది నిమిషాలు కూర్చునే తీరిక ఉండదు.

## ముందు మీ గుర్రం ఏ రకమో తేల్చుకోండి

ట్రైనర్ల గురించి ఆలోచించే ముందు గుర్రం గురించి ఆలోచించాలి. ఒక గుర్రానికి సరిపోయే చెయ్యి ఇంకోదానికి సరిపోదు.

మన దేశంలో రేసు గుర్రాలన్నిటికీ జనవరి 1న వయసు ఒక ఏడాది పెరుగుతుంది. జనవరిలో పుట్టిన పిల్లా, మే నెలలో పుట్టిన పిల్లా కాగితం మీద ఒకే వయసువి. ఎముకలకు మాత్రం ఆ నాలుగు నెలల తేడా బాగా తెలుస్తుంది. పొట్టి దూరాల వంశంలో, సంవత్సరం మొదట్లో పుట్టి, కండపట్టి గట్టిగా ఉన్న పిల్ల తొందరగా రేసుకు రావచ్చు. పొడుగు కాళ్లతో, ఇంకా సాగుతూ ఉన్న పిల్ల, తండ్రి 2400 మీటర్లు పరిగెత్తినవాడైతే, దానికి కాలం ఇవ్వాలి. ఇండియన్ డెర్బీ ముంబయిలోని మహాలక్ష్మి రేస్‌కోర్సులో ఫిబ్రవరిలో నాలుగేళ్ల గుర్రాలకు జరుగుతుంది. అంత దూరం చూసే గుర్రాన్ని రెండేళ్ల వయసులో తొందరపెడితే మొదటికే మోసం వస్తుంది.

రెండేళ్ల పిల్లలకు వేగం పని మొదలుపెట్టగానే ముందు కాళ్లలో, మోకాలికి దిగువన ఎముక నొప్పి పెట్టడం మామూలే. యార్డుల్లో దీన్ని షిన్ సోర్ అంటారు. ఎముక కొత్త బరువుకు అలవాటుపడుతూ తనను తాను గట్టిపరచుకునే దశ అది. కొన్ని వారాలు పని తగ్గిస్తే సర్దుకుంటుంది. నొప్పితోనే గాలప్ (వేగంగా పరిగెత్తించే పని) చేయిస్తే ఎముకలో సన్నని పగుళ్ల దాకా పోతుంది. ఇక్కడ ఆగగలిగే ట్రైనరే పిల్లలకు మంచి ట్రైనర్.

మూడో రకం గుర్రాలు అయిదారేళ్లవి, ఎవరి దగ్గరో కొన్నవి, కాళ్లలో ఏదో పాత గాయం ఉన్నవి. వీటికి కావాల్సింది వేరు. గుర్రాన్ని కొత్తగా మలచనక్కర్లేదు, ఉన్నదాన్ని కాపాడుతూ సరైన రేసు చూసి దింపే నేర్పు కావాలి.

## ఏం చూసి ఎంచాలి

గెలుపుల లెక్కను విడదీసి చూడటం. ఒక ఊహా లెక్క వేద్దాం. ఒక యార్డులో 80 గుర్రాలు, సీజన్లో 40 గెలుపులు. ఇంకో యార్డులో 20 గుర్రాలు, 10 గెలుపులు. సగటు తీస్తే రెండూ సమానం. ఇప్పుడు ఇంకో అడుగు ముందుకు వెళ్లండి: ఆ 40 గెలుపులు ఎన్ని గుర్రాలవి? 18 గుర్రాలవే అయితే, మిగతా 62 గుర్రాల యజమానులు సీజనంతా నెలనెలా బిల్లు కట్టి ఒక్కసారి కూడా గెలుపు ఫొటోలో నిలబడలేదు. చిన్న యార్డులో 10 గెలుపులు 8 గుర్రాలవైతే, ఆ చేతిలో సగానికి దగ్గరగా గుర్రాలు గెలుస్తున్నాయన్నమాట.

రేస్ క్లబ్బులు ఫలితాలను తమ వెబ్‌సైట్లలో పెడతాయి. ఒక ఆదివారం కూర్చుంటే ఈ లెక్క మీరే తీయొచ్చు. ఆ పనిలో ఉండగానే ఇంకో మూడు విషయాలు చూడండి. ఇంకొకరి యార్డు నుంచి ఈ ట్రైనర్ దగ్గరికి వచ్చిన గుర్రాల రేటింగ్ (వాటి సత్తాకు ఇచ్చే అంకె) తర్వాత పెరిగిందా, తగ్గిందా? ఆయన దగ్గర అయిదేళ్లు, ఆరేళ్లు దాటి ఇంకా నిలకడగా పరిగెత్తే గుర్రాలు ఎన్ని ఉన్నాయి? నెలల తరబడి విశ్రాంతి తర్వాత దిగిన గుర్రాలు మొదటి రేసులోనే ఎలా పరిగెత్తాయి? గెలుపుల సంఖ్య కంటే ఈ మూడే నాకు ఎక్కువ చెబుతాయి. ముఖ్యంగా మొదటిది. గుర్రం అదే, వంశం అదే. మారింది చెయ్యి మాత్రమే. కాబట్టి తేడా వస్తే అది ఆ చేతిదే.

సైసులు. మీ గుర్రంతో రోజంతా గడిపేది ట్రైనర్ కాదు, దాన్ని కడిగి మేపే పనివాడు, సైస్. దాని తొట్టిలో దాణా మిగిలిందో లేదో మొదట చూసేది అతనే. సాయంత్రం నాలుగు కాళ్లూ చేత్తో తడిమి, నిన్నటి కంటే ఒక కాలు వెచ్చగా ఉందని పట్టుకునేదీ అతనే. ఒక మనిషి చేతిలో రెండు గుర్రాలుంటే ఈ పని జరుగుతుంది. నాలుగు పెడితే కడగడం, మేపడంతోనే పొద్దు గడిచిపోతుంది. సైసులు ఎన్నేళ్లుగా అదే యార్డులో ఉన్నారో అడగండి. పనివాళ్లు నిలవని చోట గుర్రాలు కూడా నిలవవు.

ఆరోగ్యంగా ఉన్న గుర్రం ఒంటి వేడి దాదాపు 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. మంచి యార్డుల్లో దీన్ని రోజూ కొలిచి ప్రతి గుర్రం పేరు పక్కనా రాస్తారు. వేడి కాస్త పెరిగితే ఆ రోజు గాలప్ ఉండదు. ఆ పుస్తకమో, గోడమీది పలకో ఉందేమో చూడండి. మీ గుర్రం స్థానం మొదటి పదిలో లేకపోయినా దాన్ని కాపాడేది ఈ అలవాటే.

కాళ్లు, ఊపిరి, మందులు. ముందు కాలి వెనక నరం లాంటి టెండన్ దెబ్బతింటే మళ్లీ రేసుకు రావడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది పడుతుంది, వచ్చినా తిరగబెట్టే భయం ఉంటుంది. అది ఒక్క రోజులో తెగేది కాదు, చాలాసార్లు ముందే కాస్త వాపు, కాస్త వేడి చూపిస్తుంది. అప్పుడు స్కాన్ తీయిస్తారా, నొప్పి మందు ఇచ్చి లాక్కొస్తారా అన్నది ట్రైనర్ గుణాన్ని చెబుతుంది. పరిగెత్తేటప్పుడు ఊపిరితిత్తుల్లో రక్తం వచ్చే గుర్రాల విషయం కూడా అంతే. అమెరికాలో చాలా రేసుల్లో ఆ రక్తాన్ని అదుపు చేసే మందు రేసు రోజున ఇవ్వడం చెల్లుతుంది, మన దేశంలో చెల్లదు. ముక్కులోంచి రక్తం కనబడితే గుర్రానికి క్లబ్ కొంతకాలం నిషేధం పెడుతుంది. పదే పదే జరిగితే దాని రేసుల జీవితమే ముగుస్తుంది. కాబట్టి ఫిట్‌నెస్, స్టేబుల్‌లో గాలి, దుమ్ములేని మేత, వీటితోనే ఈ సమస్యను గెలవాలి.

డోప్ పరీక్షలో ఏదైనా బయటపడితే మొదట బాధ్యత ట్రైనర్‌దే. గెలిచిన బహుమతి మాత్రం మీది పోతుంది. పాత రికార్డు చూసుకోవడం ఇందుకే.

రేసును ఎంచే నేర్పు. హ్యాండిక్యాప్ అంటే సత్తా ఉన్న గుర్రానికి ఎక్కువ బరువు, లేనిదానికి తక్కువ బరువు పెట్టి పోటీని సమం చేయడం. మన హ్యాండిక్యాప్ పద్ధతిలో రేటింగులో ఒక పాయింటు అంటే అర కిలో బరువు. 25 పాయింట్ల తేడా ఉన్న రెండు గుర్రాలు ఒకే రేసులో దిగితే వాటి వీపు మీద బరువుల తేడా పన్నెండున్నర కిలోలు. గెలిస్తే రేటింగ్ పెరుగుతుంది, తరచూ ఓడితే తగ్గుతుంది. ఒక క్లాసులో (రేటింగ్‌ను బట్టి గుర్రాలను విడదీసిన వర్గంలో) అడుగున ఉండి తేలిక బరువుతో పరిగెత్తడం మేలా, కింది క్లాసుకు దిగేదాకా ఆగి ఎక్కువ బరువు మోయడం మేలా? చిన్న ఒళ్లున్న ఫిల్లీకి (వయసులో చిన్న ఆడ గుర్రానికి) 60 కిలోలు ఎత్తడం భారం కావచ్చు, పెద్ద గెల్డింగ్‌కు (విత్తులు తీసిన మగ గుర్రానికి) అది లెక్కే కాదు. ఈ లెక్క బుర్రలో తిరిగే ట్రైనర్ ఒక మామూలు గుర్రంతో కూడా సీజనుకు ఒకటి రెండు గెలుపులు రాబడతారు. దూరం విషయమూ ఇలాంటిదే. 1200 మీటర్లలో ఎప్పుడూ చివర్లో దూసుకొచ్చే గుర్రాన్ని 1600కు మార్చకుండా అక్కడే ఎనిమిది సార్లు పరిగెత్తించారంటే దాన్ని ఎవరూ సరిగా చూడలేదని అర్థం.

నిజాయితీ. దీని గురించి మొహమాటం లేకుండా రాయాలి. ప్రతి గుర్రమూ ప్రతి రేసులోనూ తన శక్తి మేరకు పరిగెత్తాలన్నది రేసింగ్‌లో మూల నియమం. దాన్ని తప్పితే జాకీ, ట్రైనర్ లైసెన్సులు పోతాయి, యజమాని మీద కూడా చర్య ఉంటుంది. మొదటి పరిచయంలోనే ఎవరైనా ట్రైనర్ 'ఈసారి ఊరికే తిప్పుదాం, రేటు వచ్చాక కొడదాం' (ఇప్పుడు కావాలని ఓడిపోయి, పందెంలో ఎక్కువ డబ్బు వచ్చే రోజున గెలుద్దాం) అన్న ధోరణిలో మాట్లాడితే, ఆయన ఎంత గొప్ప గుర్రపు మనిషైనా సరే, లేచి వచ్చేయండి. మీ కళ్లముందు పందెం కట్టేవాళ్లను అలా మోసం చేసే మనిషి మిమ్మల్ని కూడా చేయగలరు.

డబ్బు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. నెల ఫీజులో మేత, సైస్ జీతం, రైడింగ్ బాయ్ ఖర్చు కలిసి ఉన్నాయా, వెటర్నరీ డాక్టర్, మందులు, లాడాలు, రవాణా, ఎంట్రీ ఫీజులు, జాకీ ఫీజు విడిగానా అన్నది కాగితం మీద రాయించుకోండి. స్టేక్ మనీలో (రేసు బహుమతి డబ్బులో) ట్రైనర్‌కు, జాకీకి ఎంత శాతం పోతుందో కూడా అడగండి. నోటిమాట మీద వదిలేసిన ఖర్చులే తర్వాత గొడవలవుతాయి.

## నాలుగు దారులు

పెద్ద యార్డు. పేరున్న ట్రైనర్, డెబ్బై ఎనభై గుర్రాలు, పెద్ద యజమానులు. ఇక్కడి లాభాలు నిజమైనవి. మంచి జాకీలు ఈ యార్డు చుట్టూనే తిరుగుతారు. పొద్దున పని చేయించడానికి మీ గుర్రం పక్కన పరిగెత్తే మంచి గుర్రాలు ఉంటాయి, మీది ఎంతటిదో త్వరగా తేలిపోతుంది. అసిస్టెంట్లు, డాక్టర్లు, లాడాలు వేసేవాళ్లు అందరూ చేతికి అందుబాటులో ఉంటారు. మీ గుర్రంలో నిజంగా సత్తా ఉంటే దాన్ని హైదరాబాద్ పెద్ద రేసులైన డెక్కన్ డెర్బీ, గోల్కొండ డెర్బీ దాకా తీసుకెళ్లే దారి వీళ్లకు తెలుసు.

ఇబ్బంది ఏమిటంటే, సత్తా కాస్త ఆలస్యంగా బయటపడే గుర్రాలు ఇక్కడ వెనక్కి పడిపోతాయి. ఒకే యజమానివి ఇరవై గుర్రాలున్న యార్డులో, ఒకే రేసుకు ఆయనదీ మీదీ సరిపోతే ఏది దిగుతుంది? దిగినా ముఖ్యమైన జాకీ ఎవరి మీద ఉంటాడు? ఈ ప్రశ్నలు ముఖాముఖి అడగొచ్చు, అడగాలి. సూటిగా జవాబు చెప్పే పెద్ద ట్రైనర్లు ఉన్నారు. అలాంటివాళ్ల దగ్గర ఒక్క గుర్రం ఉన్నవాళ్లు కూడా నిశ్చింతగా ఉంటారు.

నడిమి యార్డు. పాతిక ముప్పై గుర్రాలు, పదిహేను ఇరవై ఏళ్ల అనుభవం, పట్టికలో మధ్యలో పేరు. చాలామంది వీళ్లను దాటేసి పోతారు. నేనైతే మొదట వెతికేది ఇక్కడే. ట్రైనర్ ప్రతి గుర్రాన్నీ రోజూ తన కళ్లతో చూడగలిగే సంఖ్య అది. కొన్నేళ్లుగా నిలబడ్డారంటే తక్కువ గుర్రాలతో రేసులు ఎలా ఎంచుకోవాలో తెలిసినవాళ్లే. రేటింగ్ లెక్కల్లో వీళ్లను మించినవాళ్లు అరుదు, ఎందుకంటే గొప్ప గుర్రాలు లేనప్పుడు మిగిలేది ఆ తెలివే.

లోపం జాకీల దగ్గర కనిపిస్తుంది. పెద్ద రేసు రోజున పైవరస జాకీ దొరకడం కష్టం. అయితే మామూలు హ్యాండిక్యాప్ రేసులకు అది అంత పెద్ద లోటు కాదు. రోజూ పొద్దున మీ గుర్రం మీద పనిచేసే కుర్ర అప్రెంటిస్ (పని నేర్చుకుంటున్న జాకీ), అతనికి దొరికే బరువు రాయితీతో కలిపి, చాలాసార్లు అంతకంటే మేలు చేస్తాడు.

కొత్తగా లైసెన్సు వచ్చిన ట్రైనర్. మొన్నటిదాకా పెద్ద యార్డులో అసిస్టెంట్, లేదా రిటైరైన జాకీ. ఇప్పుడు ఏడెనిమిది గుర్రాలు. ఇక్కడ మీ గుర్రం మొదటి పదిలో ఉండటం ఖాయం, ఎందుకంటే పదే లేవు. రోజూ ఫోన్ చేస్తారు, అడిగిన వీడియో పంపుతారు. ఆకలి ఉంటుంది. జాకీగా ఇండియన్ డెర్బీలు గెలిచి, తర్వాత ట్రైనర్‌గానూ ఆ డెర్బీ గెలిచిన పెసీ ష్రాఫ్ లాంటివాళ్లను చూస్తే గుర్రం మీద కూర్చున్న అనుభవానికి ఎంత విలువో తెలుస్తుంది.

కానీ జాకీగా గొప్ప కావడం, యార్డు నడపడం వేరువేరు పనులు. సైసులను నిలుపుకోవడం, బిల్లులు వసూలు చేయడం, ఒకేసారి మూడు గుర్రాలకు దగ్గు వస్తే కంగారుపడకుండా ఉండటం, ఇవన్నీ నేర్చుకోవాల్సినవే. కొత్త ట్రైనర్‌కు గెలుపు అత్యవసరం. ఆ అవసరం మీ రెండేళ్ల పిల్లను తొందరపెట్టే ప్రమాదం ఉంది. ఎవరి దగ్గర పని నేర్చుకున్నారో కనుక్కోండి. ఓపికగల గురువు దగ్గర పదేళ్లు అసిస్టెంట్‌గా ఉన్న మనిషైతే నేను సంకోచించను.

బయటి సెంటర్. బెంగళూరు, ముంబయి-పుణె, చెన్నై. క్లాసిక్ రేసుల్లో (డెర్బీ లాంటి అతి పెద్ద రేసుల్లో) బెంగళూరు, ముంబయిలకు ఉన్న పేరు ఊరికే రాలేదు. 19 రేసుల్లో 18 గెలిచిన స్క్వాండరర్ అనే గుర్రాన్ని తయారుచేసిన రషీద్ బైరాంజీ బెంగళూరు ట్రైనరే. వంశంలోనూ, నడకలోనూ నిజంగా పైస్థాయి కనబడే గుర్రాన్ని కొన్నవాళ్లు ఈ దారి ఆలోచించడంలో తప్పు లేదు.

కాకపోతే అక్కడ మీ గుర్రం పోటీపడేది దేశంలోకెల్లా మంచి గుర్రాలతో. హైదరాబాద్‌లో రెండు రేసులు గెలవగలిగే గుర్రం అక్కడ అయిదో స్థానంలో ఆగిపోవచ్చు. దూరమూ తక్కువేం కాదు. హైదరాబాద్ నుంచి బెంగళూరు దాదాపు 570 కిలోమీటర్లు, ముంబయి 700. తల కట్టేసి గంటల తరబడి నిలబడి ప్రయాణం చేసిన గుర్రాలకు ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది. ప్రయాణానికి ముందు ఆరోగ్య ధ్రువపత్రాలు, రక్త పరీక్షలు కావాలి. కాబట్టి ఒక్కో రేసుకు అటూ ఇటూ తిప్పే ఆలోచన వద్దు, ఒక చోట పెడితే అక్కడే ఒక సీజన్ ఉండనివ్వండి.

ఊరి పరిస్థితి కూడా చూడాలి. చెన్నై గిండీ రేస్‌కోర్సు భూమి లీజును తమిళనాడు ప్రభుత్వం 2024లో రద్దు చేయడంతో ఆ వివాదం కోర్టుకెక్కింది. ఊటీ రేస్‌కోర్సు భూమిని కూడా అదే ఏడాది ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. ట్రైనర్ ఎంత మంచివారైనా రేసులు ఆగే చోట గుర్రం మేత తింటూ కూర్చుంటుంది.

| చూసే విషయం | పెద్ద యార్డు | నడిమి యార్డు | కొత్త ట్రైనర్ | బయటి సెంటర్ |
|---|---|---|---|---|
| మీ గుర్రంపై ట్రైనర్ శ్రద్ధ | గుర్రం సత్తాను బట్టి | దాదాపు అన్నిటిపైనా | చాలా ఎక్కువ | యార్డును బట్టి |
| జాకీలు | పైవరస | మధ్యవరస, అప్రెంటిస్ | దొరకడం కష్టం | పైవరస, పోటీ ఎక్కువ |
| పైస్థాయి గుర్రానికి | చాలా బాగు | ఫర్వాలేదు | రిస్క్ | చాలా బాగు |
| మామూలు గుర్రానికి | వెనకబడే ప్రమాదం | చాలా బాగు | బాగు | ఖర్చు దండగ |
| పాత గాయం ఉన్న గుర్రానికి | అడిగి తేల్చుకోవాలి | బాగు | అనుభవాన్ని బట్టి | ప్రయాణమే భారం |
| మీరు వెళ్లి చూడటం | అనుమతితో | సులువు | ఎప్పుడైనా | అరుదుగా |

## ఎవరికి ఏది

మొదటిసారి ఒక్క గుర్రం కొన్న మనిషికి, అది వంశంలోనూ ధరలోనూ మధ్యరకమైతే, సొంత ఊళ్లో నడిమి యార్డే నా సలహా. మొదటి ఏడాది గెలుపు కంటే నేర్చుకోవడం ముఖ్యం. పొద్దున్నే వెళ్లి గుర్రం పని చూసి, ట్రైనర్ పక్కన నిలబడి రెండు ప్రశ్నలు అడగగలిగే చోటు కావాలి.

నలుగురో ఆరుగురో కలిసి వాటాలు తీసుకున్నవాళ్లు ట్రైనర్ కంటే ముందు తమలో ఒకరిని ఎంచుకోవాలి. ట్రైనర్‌తో మాట్లాడేది ఒక్కరే ఉండాలి. ఆరుగురూ ఆరు ఫోన్లు చేసి, ఒకరు దింపమని, ఇంకొకరు ఆపమని చెబితే ఎంత మంచి ట్రైనరైనా విసిగిపోతారు, ఆ విసుగు గుర్రం మీద పడుతుంది. గ్రూపులో ఒకరిద్దరికి డబ్బు టెన్షన్ ఉంటే అది కూడా ముందే మాట్లాడుకోండి. ఫీజు రెండు నెలలు ఆగిందంటే యార్డులో మీ గుర్రం వరస కిందికి జారుతుంది.

డల్లాస్‌లోనో, మెల్‌బోర్న్‌లోనో ఉంటూ మలక్‌పేటలో గుర్రం పెట్టుకున్న తెలుగువాళ్లు కొందరున్నారు. వాళ్లకు అన్నిటికంటే ముఖ్యం సమాచారం. వారానికోసారి వాట్సాప్‌లో పని వీడియో, నెలకోసారి బరువు, డాక్టర్ రిపోర్టు, రేసు అయ్యాక జాకీ ఏమన్నాడో ఒక వాయిస్ మెసేజ్. ఇవి ఇస్తామని మొదటే ఒప్పుకునే యార్డును వెతకండి. కొత్త ట్రైనర్లు ఈ విషయంలో ముందుంటారు. అయితే ఇక్కడ మీ తరఫున నెలకోసారి యార్డుకు వెళ్లి చూసే మనిషి ఒకరు ఉండి తీరాలి, బావమరిదో చిన్ననాటి స్నేహితుడో. వీడియోలో గుర్రం చర్మం మెరుపు కనబడుతుంది, తొట్టిలో మిగిలిన దాణా కనబడదు.

రెండు మూడు గుర్రాలున్నవాళ్లు అన్నిటినీ ఒకరి దగ్గరే పెట్టాలన్న నియమం లేదు. ఆశలు పెట్టుకున్న పిల్లను పెద్ద యార్డులో, పాత హ్యాండిక్యాప్ గుర్రాన్ని నడిమి యార్డులో పెట్టడం తెలివైన పద్ధతి. రెండు చోట్లా బిల్లులు, పనితీరు పోల్చుకోవచ్చు.

డెర్బీ స్థాయి అని డాక్టరూ, బ్రీడరూ, ఇంకో ఇద్దరు నిష్పక్షపాతమైన మనుషులూ అన్న గుర్రమైతే పెద్ద యార్డుకో, బెంగళూరుకో, ముంబయికో వెళ్లండి. మీ ఒక్కరి మనసే అలా చెబుతుంటే మాత్రం ఒక ఆరు నెలలు ఇక్కడే ఆగండి. గుర్రమే చెబుతుంది.

## యార్డు చూడటానికి వెళ్లినప్పుడు

చెప్పి ఒకసారి వెళ్లండి, సాయంత్రం పూట ఇంకోసారి వెళ్లండి. పొద్దున ట్రాక్ మీద అందరి గుర్రాలూ బాగానే కనబడతాయి. సాయంత్రం నాలుగింటికి స్టేబుల్‌లో చూడాల్సినవి చాలా ఉంటాయి. కింద పరిచిన పొట్టు పొడిగా ఉందా, అమోనియా వాసన కళ్లు మండేలా ఉందా? నీళ్ల బకెట్లు నిండుగా, శుభ్రంగా ఉన్నాయా? గుర్రాలు మనిషి దగ్గరికి వస్తున్నాయా, చెవులు వెనక్కి పెట్టి మూలకు పోతున్నాయా? ఒకే చోట నిలబడి అటూ ఇటూ ఊగే గుర్రాలు, తలుపు చెక్క కొరికే గుర్రాలు ఎన్ని ఉన్నాయి? ఒకటీ అరా ప్రతి యార్డులో ఉంటాయి. వరసగా కనిపిస్తే వాటిని తగినంత బయట తిప్పడం లేదని అర్థం.

తర్వాత ట్రైనర్‌ని ఈ ఒక్క కోరిక కోరండి: మీ యార్డులో అన్నిటికంటే నిదానమైన గుర్రాన్ని చూపించండి. ఛాంపియన్‌ను అందరూ చూపిస్తారు. నిదానమైనదాని పేరు, దాని అలవాట్లు, అది ఎందుకు రావడం లేదో, ఏం ప్రయత్నిస్తున్నారో గడగడా చెప్పగలిగితే, ఆ ట్రైనర్ చేతిలో మీ గుర్రం ఎన్నోదైనా ఫర్వాలేదు.

## మార్చాల్సి వస్తే

రెండు ఓటములకే ట్రైనర్‌ని మార్చేవాళ్లు ఉన్నారు. కొత్త యార్డు, కొత్త సైస్, కొత్త మేత అంటే గుర్రానికి కుదురుకోవడానికే వారాలు పడుతుంది. కాబట్టి ఒక పూర్తి సీజన్ ఇవ్వండి. గుర్రం గాయాన్ని మీ దగ్గర దాచినా, బిల్లులో చేయని వైద్యం కనబడినా, నిజాయితీ విషయంలో అనుమానం వచ్చినా మాత్రం సీజన్ చివరిదాకా ఆగొద్దు.

మార్చేటప్పుడు బాకీలు పూర్తిగా తీర్చి, రసీదు తీసుకోండి. కొత్త ట్రైనర్ దగ్గర స్టాల్ ఖాళీ ఉందని, క్లబ్ ఒప్పుకుంటుందని తేలాకే పాతవారికి చెప్పండి, అదీ ఎదురుగా కూర్చుని. డాక్టర్ ఫైలు, స్కాన్లు, ఎక్స్‌రేలు, టీకాల పుస్తకం, చివరిసారి లాడాలు వేసిన తేదీ, ఇప్పుడు తింటున్న దాణా కొలతలు, ఇవన్నీ రాయించుకుని గుర్రంతో పాటే పంపండి. మేతను వారం పది రోజుల్లో మెల్లగా మార్చమని కొత్త సైస్‌కు చెప్పండి. ఒక్కసారిగా మారిస్తే కడుపునొప్పి వస్తుంది, గుర్రాలకు కడుపునొప్పి ప్రాణాల మీదికి తెస్తుంది. వీలైతే పాత సైస్‌ను ఒక రోజు కొత్త యార్డుకు రమ్మని అడగండి, దానికి ఎక్కడ గోకితే ఇష్టమో, ఏ శబ్దానికి బెదురుతుందో అతనికే తెలుసు. అతని రోజు కూలి మీరే ఇవ్వండి.